అక్షర ప్రత్యభిజ్ఞ: మెదడు చిత్రణ పరిశోధనలలో తెలుగు లిపి

పూర్వము చూచిన వస్తువును మరల చూచినపుడు ‘ఇది అదియే’ యని కలుగు జ్ఞానమునకు మన దార్శనికులు ప్రత్యభిజ్ఞ యని పేరిడిరి. ఇది వట్టి స్మృతి కాదు. ఏలయన వస్తువు కన్నుల యెదుటనే యున్నది. వట్టి ప్రత్యక్షమును కాదు. ఏలయన ‘అది’ యను మాట గడచిన కాలమును వెంటబెట్టుకొని వచ్చుచున్నది. ఆంధ్రుడని ప్రసిద్ధి గల అన్నంభట్టు తర్కసంగ్రహమున స్మృతిని సంస్కారమాత్రము వలన పుట్టు జ్ఞానముగ నిర్వచించెను. అందలి ‘మాత్ర’ శబ్దము ప్రత్యభిజ్ఞను తొలగించుటకే యని వ్యాఖ్యాతలు చెప్పుదురు; ప్రత్యభిజ్ఞలో సంస్కారమునకు ఇంద్రియవ్యాపారము తోడగుచున్నది. కాళిదాసు నాటకమునకు పేరిచ్చిన అభిజ్ఞానమును ఈ చర్చకు చక్కని యుదాహరణము. దుష్యంతుడు శకుంతలను ఎదుట చూచుచుండియు గుర్తింపలేకపోయెను. అచ్చట చూపు కలదు, సంస్కారము మేల్కొనలేదు. ఉంగరమును చూచినపుడు సంస్కారము మేల్కొన్నది. శకుంతల యెదుట లేదు. ఈ రెండును ఒక్కచోట కలియుటకు ప్రేక్షకుడు ఏడవ అంకము వఱకు వేచియుండవలసి వచ్చినది.

ఈ విచారము నేడు తర్కశాస్త్రమును దాటి ప్రయోగశాలలలో ప్రవేశించినది. మనుష్యుడు ఒక వస్తువును గుర్తించుచున్న సమయముననే అతని మెదడులో ఏ భాగము పనిచేయుచున్నదో చూపగల పద్ధతులు గత మూడు దశాబ్దములుగ వాడుకలో నున్నవి. వాని సాయమున జరిగిన పరిశోధనలలో ఒకటి తెలుగు అక్షరములనే పరీక్షాద్రవ్యముగ గ్రహించినది. మన తెలుగు శాఖలలో దాని ప్రస్తావన నాకు అరుదుగనే వినవచ్చినది. ఆ పరిశోధనను వివరించి, అక్షరము నేర్పు పద్ధతులను గూర్చి అది యేమి చెప్పుచున్నదో, ఏమి చెప్పుట లేదో విచారించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

ముందుగ యంత్రమును గూర్చి కొంత తెలియవలెను. బలమైన అయస్కాంతక్షేత్రమున దేహమునుంచి లోపలి మెత్తని భాగముల చిత్రమును తీయు ఎం.ఆర్.ఐ. యంత్రము ఆసుపత్రులకు పోవువారందఱికి పరిచితమే. మెదడులో ఒక భాగము పనిచేయునపుడు అచ్చటికి ప్రాణవాయువుతో కూడిన రక్తము అధికముగ ప్రవహించును. ప్రాణవాయువును మోయుచున్న హిమోగ్లోబినునకు, దానిని విడిచిన హిమోగ్లోబినునకు అయస్కాంతధర్మమున భేదము కలదు. ఈ భేదమునే సంకేతముగ గ్రహింపవచ్చునని జపాను దేశీయుడగు సేజీ ఒగావా అమెరికాలో పనిచేయుచు 1990లో ఎలుకల మెదడులపై చూపెను. 1992 నాటికి మనుష్యులపై జరిపిన ప్రయోగముల ఫలితములు ప్రకటింపబడినవి. దీనికే క్రియాత్మక ఎం.ఆర్.ఐ. అని వ్యవహారము.

ఇందలి పరిమితిని మఱవరాదు. చిత్రములోని ఒక్కొక్క చిన్న ఘనము సాధారణముగ రెండు మూడు మిల్లీమీటర్ల కొలత గలది; అందు నాడీకణములు లక్షల సంఖ్యలో నుండును. రక్తప్రవాహము హెచ్చుటకు అయిదాఱు సెకనులు పట్టును. అక్షరమును గుర్తించుటకు సెకనులో చిన్న భాగము చాలును. కావున యంత్రము చూపునది జ్ఞానమును కాదు, జ్ఞానము కలిగిన చోటి తడిని. తుంగభద్ర కాలువ క్రింది రైతు తెల్లవారి లేచి, ఏ మడి తడిసినదో చూచి, రాత్రి ఎవరు ఏ గట్టు తెంచిరో ఊహించుట వంటిది ఈ పని. ఊహ సరియైనదే కావచ్చును. కాని అది ఊహయే. వార్తాపత్రికలలో కనబడు ఎఱుపు పసుపు రంగుల మెదడు బొమ్మలు గణితముచేత తీర్చినవేగాని ఛాయాచిత్రములు కావు.

ఇక గుర్తించుట యనునది ఒక్క వ్యాపారమా యను ప్రశ్నము కలదు. ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతరనాడు జనసమ్మర్దమున ఒక ముఖము కానవచ్చును. ఎఱిగిన ముఖమే, అందు సందేహము లేదు. ఎవ్వరో, ఎచ్చట చూచితిమో తోచదు. నాలుగడుగులు వేసిన పిదప, ఆదోని పత్తి మార్కెట్టులో తూకము వేయు మనుష్యుడని స్ఫురించును. మొదటిది పరిచయబోధ, రెండవది సందర్భస్మరణ. జార్జి మాండ్లరు అను మనశ్శాస్త్రజ్ఞుడు 1980లో, బస్సులో కనబడిన మాంసపు దుకాణదారుని ఉదాహరణముగ గొని, ఈ రెండింటి భేదమును వివరించెను. మెదడులో కణతలకు లోపలివైపున నుండు హిప్పోకాంపసు అను భాగము సందర్భస్మరణకు ముఖ్యమనియు, దానికి చేరువనున్న పెరిరైనల్ వల్కలము పరిచయబోధకు తోడ్పడుననియు పిమ్మట పలువురు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. ఈ విభాగము అంత ఖండితముగ చేయదగునా యను వాదము ఇంకను ముగియలేదు.

మనకు కావలసిన సంగతి వేఱొకటి. మూర్ఛవ్యాధికి 1953లో శస్త్రచికిత్స పొంది, ఇరువైపుల హిప్పోకాంపసును చాలవఱకు కోల్పోయిన హెన్రీ మొలైసన్ కథ స్మృతిశాస్త్రమున సుప్రసిద్ధము. 1957లో స్కోవిల్, బ్రెండా మిల్నర్ అను నిరువురు అతని స్థితిని ప్రకటించిరి. అతడు 2008లో మరణించువఱకు, శస్త్రచికిత్స పిమ్మట పరిచయమైన వైద్యులను ప్రతి దినము క్రొత్తవారినిగనే చూచెను. అయినను అతడు అక్షరములను మఱువలేదు; చదువుచునే యుండెను, పదకూర్పు ప్రహేళికలను పూరించుచునే యుండెను. దీనినిబట్టి, నిన్న కలిసిన మనుష్యుని గుర్తించు స్మృతియు, చిన్ననాడు నేర్చిన ‘అ’ను గుర్తించు స్మృతియు మెదడులో ఒక్క చోట నున్నవి కావని తేలుచున్నది.

అక్షరస్మృతి యెచ్చట నున్నదను దానికి మొదటి యాధారము యంత్రములు పుట్టుటకు ఎంతో ముందు లభించినది. 1892లో జూల్ దెజెరీన్ అను ఫ్రెంచి వైద్యుడు ఒక రోగి వృత్తాంతమును ప్రకటించెను. ఆ రోగి చక్కగ మాటాడును. వస్తువులను చూచి పేర్లు చెప్పును. చెప్పిన వాక్యమును తప్పులేక వ్రాయును. కాని తాను వ్రాసినదానినే తాను చదువలేడు. అక్షరముపై చేతితో గీచినట్లు కదల్చినచో మాత్రము అది యేయక్షరమో చెప్పగలడు. మరణానంతరము అతని మెదడును పరీక్షింపగా ఎడమ అర్ధగోళమున వెనుకభాగము చెడియున్నట్లు కనబడినది. కన్ను మఱచిన అక్షరమును చేయి మఱవలేదు! ఈ విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. వ్యాసమున మరల దీనితో పని యున్నది.

సుమారు ఆ ప్రాంతముననే, ఎడమ అర్ధగోళపు అడుగుభాగమున, చదువు వచ్చినవారిలో వ్రాతకు ప్రత్యేకముగ స్పందించు చిన్న స్థలమొకటి కలదని లొరాఁ కొహెన్, స్టానిస్లాస్ దెహేన్ మున్నగువారు 2000లో వివరించిరి. ఏ లిపిని చదువువారి యందైనను అది ఇంచుమించు ఒక్క చోటనే యున్నది. ఇది యాశ్చర్యకరము. వ్రాత పుట్టి అయిదువేల సంవత్సరములకు మించి ఎక్కువ కాలేదు. దాని కొఱకు మెదడులో ప్రత్యేకాంగము పుట్టుటకు అంత కాలము చాలదు. ముఖములను, వస్తువులను గుర్తించుటకై యున్న స్థలములోనే చదువు కొంత చోటు చేసికొనుచున్నదని దెహేను మతము. ఆయన బృందము 2010లో బ్రెజిల్, పోర్చుగల్ దేశీయులగు 63 మందిని పరీక్షించెను. వారిలో 10 మంది నిరక్షరులు. 22 మంది పెద్దవయసున చదువు నేర్చినవారు. 31 మంది బాల్యముననే నేర్చినవారు. చదువు వచ్చినకొలది ఆ స్థలము వ్రాతకు హెచ్చుగ స్పందించినది. పెద్దవయసున నేర్చినవారిలోను ఈ మార్పులలో అధికభాగము కనబడినది. ముఖములకు అచ్చట కలుగు స్పందన మాత్రము కొంత తగ్గినదని వారు వ్రాసిరి. ఉత్తర ప్రదేశమున నిరక్షరులను, అక్షరాస్యులను పరీక్షించి 2019లో ప్రకటించిన మఱియొక పరిశోధనలో అట్టి తగ్గుదల కానరాలేదు. చదువు ఒకదానిని దోచి మఱియొకదానికి పెట్టుచున్నదను భయము అంతగ అక్కఱలేదని నాకు తోచుచున్నది.

ఇక తెలుగు అక్షరముల ప్రయోగము. దీనిని బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆకాశ్ అగ్రవాల్, కె.వి.ఎస్. హరి, ఎస్.పి. అరుణ్ అను మువ్వురు జరిపి 2019లో ‘సైకలాజికల్ సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. వారి ముందున్న ప్రశ్న స్థూలముగ ఇది: చదువు నేర్చిన మెదడు మాటలను ఎట్లు దాచుకొనును? రెండు సమాధానములు సంభవము. తఱచుగ కలిసివచ్చు అక్షరముల కూటమికి, ఒక ముఖమునకు వలె, విడిగ ఒక ముద్రను మెదడు ఏర్పఱచుకొనునేమో. అట్లు గాక, ఒక్కొక్క అక్షరమును స్పష్టముగ వేఱుపఱచుకొని, కూటమిని ఆ భాగముల నుండియే కట్టుకొనునేమో. మొదటి పక్షమున స్మృతి బొమ్మల పెట్టె. రెండవ పక్షమున అది అచ్చుకూటములోని అక్షరముల అర.

ప్రయోగపు ఏర్పాటులోనే గొప్ప చాతుర్యము కలదు. చదువు వచ్చినవానిని రానివానితో పోల్చినచో, వారి నడుమ బడి, ధనము, ఉద్యోగము మున్నగు భేదములు వేయి యుండును. కనబడిన భేదము అక్షరము వలననే కలిగినదని చెప్పుట కష్టము. అందుచేత వీరు తెలుగు చదువగలిగి మలయాళము చదువలేనివారిని, మలయాళము చదువగలిగి తెలుగు చదువలేనివారిని తీసికొనిరి. ఇరువర్గములవారు విద్యావంతులే. ఇరువురకును రెండు లిపుల యక్షరములను చూపిరి. తెలుగు అక్షరముల యెదుట మొదటి వర్గము అక్షరాస్యవర్గము, రెండవది నిరక్షరవర్గము. మలయాళ అక్షరముల యెదుట ఇది తారుమారు. అక్షరములు అవియే, మనుష్యులు వారే, మాఱినది పరిచయమొక్కటే. మన సాహిత్యపరిశోధనలలో తులనాత్మకాధ్యయనమను మాటను తఱచుగ వాడుదుము. ఇంత నిర్దుష్టమైన తులన అరుదు.

మొదటి భాగమున యంత్రముతో పని లేదు. తెరపై ఒకే అక్షరము పలుమార్లు చల్లియుండును. వాని నడుమ వేఱొక అక్షరము ఒక్కటి దాగియుండును. దానిని ఎంత వేగముగ కనుగొనిరో కొలుతురు. వకారముల గుంపులో కకారము వెంటనే కంటబడును. పకారము ఆలస్యముగ కంటబడును. ఎంత త్వరగ కనబడిన ఆ రెండక్షరములు మెదడునకు అంత దూరమైనవని లెక్క. (ఈ వకార పకారములు విషయము తెలియుటకై నేను కల్పించిన యుదాహరణములు, వారి పట్టికలోనివి కావు.) ఈ పరీక్షలో లిపి యెఱిగినవారికి అక్షరముల నడుమ దూరము హెచ్చినది. ఇంతవఱకు ఎవరైనను ఊహింపగలరు.

పిదప అక్షరముల జంటలను చూపిరి. జంట యనగా ఇచ్చట ప్రక్కప్రక్కన వ్రాసిన రెండక్షరములు, సంయుక్తాక్షరము కాదు. రెండు జంటల నడుమ దూరమును, వానిలోని విడి యక్షరముల దూరములనుబట్టి ఎంతవఱకు లెక్కవేయవచ్చునో చూచిరి. లిపి యెఱుగనివారి యందు ఒక అక్షరము ప్రక్కయక్షరపు రూపుతో చిక్కుపడుచున్నది. ‘మయ’ యనునది వారికి రెండు గీతల ముడి. ఎఱిగినవారి యందు ఆ చిక్కు తగ్గినది. ఈ చిక్కు పరిమాణమునుబట్టి ఆ వ్యక్తి ఎంత ధారాళముగ చదువగలడో కూడ చెప్పగలుగుట విశేషము. ఎమ్మిగనూరు మగ్గముపై నేసిన దుప్పటి అంచును బేరమాడు వచ్చినవాడు ఒక్క రంగుల పట్టెగ చూచును. నేతగాడు పోగులుగ చూచును, తెగిన పోగును దూరమునుండియే పట్టును. అభ్యాసము పోగులను కలుపుటలేదు, విడదీయుచున్నది.

రెండవ భాగమున క్రియాత్మక ఎం.ఆర్.ఐ. ప్రయోగము. విడి యక్షరములను చూచినపుడు మెదడున కలుగు స్పందనలను, జంటలను చూచినపుడు కలుగు స్పందనలను వేఱువేఱుగ కొలిచిరి. ఎఱిగిన లిపిలోని జంటకు కలుగు స్పందనను దాని రెండక్షరముల స్పందనల నుండి మఱింత బాగుగ లెక్కింపనైనది. ఎఱుగని లిపిలో అంత బాగుగ లెక్కింపరాలేదు. ఈ ఫలము మెదడంతట కనబడలేదు. వస్తువుల ఆకారమును గ్రహించు పార్శ్వభాగమున, అందును దాని ముందువైపున మాత్రమే కనబడినది. వెదుకులాట ప్రయోగమున తేలిన అక్షరదూరములతో మిక్కిలి పొందుపడిన స్థలమును అదియే. అచ్చు అర పక్షము నిలిచినది. బొమ్మల పెట్టె పక్షమునకు ఈ ప్రయోగమున ఆధారము దొరకలేదు. ఆ పరిశోధకులే 2020లో ఇంగ్లీషు మాటలపై పనిచేసి, అక్షరములు తారుమారైన మాటను కూడ మనము చదువగలుగుటకు ఇట్టి భాగముల కూర్పే కారణము కావచ్చునని చూపిరి.

తెలుగు లిపి ఇట్టి పరీక్షకు దొరకుట మన యదృష్టమని చెప్పవలెను. ప, ఫ, ష, వ, మ, య, ఘ అను వానిని ఒక వరుసలో వ్రాసి చూచినచో, ఒక్క గిన్నె రూపమునకు ఒక గీత, ఒక కొమ్ము, ఒక చుక్క చేర్చుచు పోయినట్లుండును. వకారమునకు, మకారమునకు నడుమ నున్నది కొమ్ము వంటి వంపు ఒక్కటే. కావుననే ‘వు’ వ్రాయునపుడు కొమ్మును క్రిందనుండి పెట్టి మకారముతో కలియకుండ తప్పించుకొనుచున్నాము. ద, ధ, థ, బ, భ, డ, ఢ, ఎ, ఏ, ఒ, ఓ – ఇవియన్నియు కొద్ది గుర్తుల మీద నిలిచిన భేదములు. గుణింతములు, వత్తులు చేరిన రూపములు వందలకొలది. మన పండితులు తెలుగు లిపి గుండ్రదనమును సౌందర్యదృష్టితో పొగడుట పరిపాటి. అయిదేండ్ల బాలుని దృష్టితో దానిని చూచినవారు తక్కువ. అతనికి ఆ సౌందర్యమే కష్టము.

ఇచ్చట ఒక చిన్న ప్రసంగాంతరము. మెదడు సహజముగ వస్తువును, అద్దములోని దాని ప్రతిబింబమును ఒక్కటిగనే గుర్తించును. ఎడమవైపు తిరిగిన ఎద్దును కుడివైపు తిరిగిన ఎద్దును ఒక్క యెద్దే. రోమను లిపి నేర్చువాడు ఈ సహజగుణమును విడువవలెను. ఏలయన ఆ లిపిలో ప్రతిబింబములైన యక్షరములు రెండు వేఱు ధ్వనులకు నిలుచును. ఎరిక్ పెడర్సన్ తమిళదేశమున జరిపిన పరిశీలనలో, తమిళము మాత్రమే చదువువారికంటె రోమను లిపిని కూడ చదువువారు ప్రతిబింబములను బాగుగ వేఱుపఱచిరి. తమిళ లిపిలో అట్టి జంటలు లేకుండుటయే దీనికి కారణముగ చెప్పబడినది. అనగా మనము నేర్చిన లిపి యెట్టిదో మన చూపును అట్లు తీర్చుచున్నది. మన జిల్లాలోనే జొన్నగిరి చేరువనున్న ఎఱ్ఱగుడి అశోక లఘు శిలాశాసనమున కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు నడచుచున్నవి. ఆ కాలపు చదువరి చూపు ఎట్లు తీరియుండెనో తెలిసికొను మార్గము లేదు గదా యని నాకు తఱచు తోచుచుండును.

ఇక బోధనమునకు వత్తము. ఓనమాలు దిద్దించి, గుణింతములు వల్లెవేయించి, పిదప పదములకు పోవుట పూర్వపద్ధతి. బొమ్మను, పదమును ముందు చూపి, పదమును మొత్తముగ గుర్తింపజేసి, పిదప అందలి యక్షరములను విడదీయుట నవీనపద్ధతి. నవీనపద్ధతివారు పూర్వపద్ధతిని అర్థరహితమైన వల్లెవేత యని నిరసింతురు. పూర్వులు నవీనులను బొమ్మను చూచి మాట చెప్పించువారని నిరసింతురు. బెంగుళూరు ప్రయోగము ఈ కలహమును తీర్చినదని ఎవరైన చెప్పినచో అది అతిశయోక్తి. అందు పాల్గొన్నవారు చదువు వచ్చిన పెద్దలు. ఎవరు ఏ పద్ధతిలో నేర్చిరో ఆ ప్రయోగము పోల్చలేదు. అయినను ఒక్కటి నిస్సందేహముగ చెప్పవచ్చును. ఏ త్రోవను నడచినను చేరవలసిన యూరు మాత్రము ఇది: అక్షరములు ఒకదానినుండి ఒకటి స్పష్టముగ విడివడి, ప్రక్కయక్షరముతో చిక్కుపడకుండుట. పదమును బొమ్మగ గుర్తించిన బాలుడు ఇంకను ఆ యూరు చేరలేదు. రెండవ తరగతిలో పాఠమును గడగడ చదివి, అవే అక్షరములు గోడమీది ప్రకటనలో కనబడిన నోరు మెదపని పిల్లలను చూడని ఉపాధ్యాయుడు ఉండడు. పద్ధతిని విమర్శించుటకంటె ముందు, పిల్లవానికి ‘ప’ను ‘ష’ను ప్రక్కప్రక్కన చూపి భేదమడుగుట ప్రయోజనకరము.

దిద్దుటను గూర్చి ఒక ముఖ్యవిషయము. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున కారిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ అను వారు చదువు రాని అయిదేండ్ల పిల్లలకు అక్షరములను మూడు విధముల నేర్పిరి: కొందఱు చూచి తమంతట వ్రాసిరి, కొందఱు చుక్కల గీతలపై దిద్దిరి, కొందఱు మీటను నొక్కి అచ్చువేసిరి. పిదప అక్షరములను చూపుచు మెదడు చిత్రములను తీసిరి. తమంతట వ్రాసిన అక్షరములను చూచినపుడే చదువునకు సంబంధించిన భాగములు పెద్దవారిలో వలె స్పందించినవి. 2012లో ప్రకటించిన ఈ ఫలితము మనకు కొంత సంకటముగనే యున్నది. దిద్దుట మన సంప్రదాయమునకు ప్రాణము గదా. దీనికి కారణముగ చెప్పబడునది ఆలోచింపదగినది: తనంతట వ్రాయు పిల్లవాని చేతినుండి వంకర అక్షరములు పలువిధముల వచ్చును, ఆ వంకరలన్నింటిలో ఏది మాఱినను ‘క’ కకారమే, ఏది మాఱినచో అది కకారము కాదో మెదడు తేల్చుకొనును. దిద్దుబలపము ఎప్పుడును ఒక్క త్రోవనే పోవును. దెజెరీను రోగి చేయి అక్షరమును మఱవకుండుటను ఇచ్చట తలచుకొనవలెను. కావున దిద్దుటను విడువవలెనని కాదు. దిద్దుటతో ఆపరాదని నా యభిప్రాయము. ఇసుకలో వ్రాయించిన పూర్వుల వీథిబడిలో ఈ రెండును ఉండెను. గురువు వ్రాసినదానిపై వ్రేలు త్రిప్పుట మొదటిది. చెఱిపివేసి తానే వ్రాయుట రెండవది. అచ్చు పుస్తకముల దిద్దుపుటలు వచ్చిన పిదప రెండవది సన్నగిల్లినది.

ఈ చర్చ మన ప్రాంతమున వట్టి శాస్త్రవినోదము కాదు. కోసిగి, కౌతాళము, మంత్రాలయము ప్రక్క గ్రామములనుండి పంటలు ముగియగానే కుటుంబములు మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు వలసపోవుట ఏటేట జరుగుచున్నది. తలిదండ్రులతో పిల్లలును పోవుదురు. బడిలో మొదటి సంవత్సరమున కొన్ని నెలలు పోయినచో ఏమగునో ఈ పరిశోధనల వెలుగున ఊహింపవచ్చును. కన్నడ లిపిని నేర్చు పిల్లలను పరిశీలించి సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన అధ్యయనములో, గుణింతములతో వత్తులతో కూడిన అక్షరముల జ్ఞానము నాలుగవ తరగతిలోను పెరుగుచునే యున్నదని తేలినది. తెలుగు లిపి కూర్పు అట్టిదే. రోమను లిపి ఇరువదియాఱు అక్షరములతో ముగియును. మన అక్షరము ముగియుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లలో ప్రతి యేట మూడు నెలలు తెగిపోయిన పిల్లవానిని మందబుద్ధి యనుట అన్యాయము. అతని అర నిండలేదు, అంతియే. తిరిగి వచ్చిన పిల్లవానిని తరగతి పాఠమున కూర్చుండబెట్టుటకు ముందు, ఏయే అక్షరములను అతడు వేఱుపఱుపగలుగుచున్నాడో పది నిమిషములలో చూడవచ్చును. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

పెద్దవారి విషయమున ఆశకు తావు కలదు. 2010 నాటి పరిశోధనలో పెద్దవయసున నేర్చినవారి మెదడు మాఱుట చూచితిమి. లక్నో చేరువ గ్రామములలో నిరక్షరులగు యువతీయువకులకు, పెద్దలకు ఆఱు నెలలు దేవనాగరి నేర్పి, ముందువెనుకల మెదడు చిత్రములను పోల్చి 2017లో ప్రకటించిన పరిశోధనయు, పెద్దవయసున ఆ కొద్ది కాలములోనే మెదడు భాగముల నడుమ నడచు సంబంధములు మాఱుటను కనుగొన్నది. మాఱినవి పైవల్కలముతో పాటు చాల లోతున నుండు, చూపును నడపు ప్రాచీనభాగములు. ముదిమిలో అక్షరము పట్టుపడదను లోకోక్తికి మెదడు సాక్ష్యమిచ్చుట లేదు.

ఇక పరిశోధకవిద్యార్థుల కొఱకు ఒక్క మాట. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీ వఱకు బళ్ళారి జిల్లాలో నుండినవి. నేటికిని సరిహద్దు గ్రామములలో కన్నడ మాధ్యమ పాఠశాలలు కలవు. రెండు లిపులను చదువువారు కలరు. బెంగుళూరు ప్రయోగమునకు తెలుగు, మలయాళములను ఎన్నుకొనుటలో ఒకదాని యెఱుక రెండవదానికి తోడ్పడని స్థితి లభించినది. మన ప్రాంతమున దీనికి తారుమారు స్థితి కలదు. తెలుగు కన్నడములలో గ, ద, ర, ల వంటి యక్షరములు ఇంచుమించు ఒక్కటే. క, హ వంటివి స్పష్టముగ వేఱు. కొన్నిటికి తలకట్టు మాత్రమే భేదము. రెండు లిపులు చదువువాని స్మృతిలో గకారము ఒక్కటియా, రెండా? తెలుగు మాత్రము చదువువాడు కన్నడ గకారమును ఎఱిగినదానివలె విడదీయునా, ఎఱుగనిదానివలె ముడిగ చూచునా? తలకట్టు భేదమును ద్విలిపిజ్ఞుడు పట్టించుకొనునా, లేక రెండింటిని చదువుటకై దానిని ఉపేక్షించుట నేర్చునా? ఈ ప్రశ్నలలో మొదటిది చిత్రణ యంత్రమును కోరును. తక్కిన రెండింటికి అది యక్కఱలేదు. వెదుకులాట పరీక్షకు ఒక గణకయంత్రమును, కాలమును కొలుచు చిన్న యేర్పాటును చాలును. తెలుగు మాత్రము చదువువారు, కన్నడము మాత్రము చదువువారు, రెండును చదువువారు – ఈ మూడు వర్గములును ఆదోని బస్సు నిలయము చుట్టు ఒక్క క్రోసు దూరములో దొరకుదురు. పైని చెప్పిన మూడు తరగతుల అక్షరములలో ఒక్కొక్క తరగతికి నాలుగేసి గ్రహించి జంటలు కట్టినను ఆరంభమునకు చాలును.